జల్లెడమ్మ వేళ్లు

మా పెద్దమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమె అయితే వద్దనే అంది. అయినా ఈ పనికి నాకున్న అర్హత ఇంకెవరికీ లేదు. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆమె పేరు మీద పడిన ఒకే ఒక్క తప్పు నేను చేసిందే.

ఆమె పంటల పరిశోధన కేంద్రంలో వేళ్లు కడుగుతుంది. చేతివేళ్లు అనుకునేరు, మొక్కల వేళ్లు. వేలు అన్నా బహువచనం వేళ్లే, వేరు అన్నా వేళ్లే. ఈ మాట దగ్గరే పెద్దమ్మకూ నాకూ పెద్ద తగువు జరిగింది కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

కుండీలో పెంచిన మొక్కను మట్టితో సహా తొట్టిలో నానబెట్టాలి. నానిన మట్టిగడ్డను సన్నకంతల జల్లెడ మీద పెట్టి, రబ్బరు గొట్టంతో దారమంత ధారగా నీళ్లు వదులుతూ, ఒక్క వేరూ తెగకుండా మట్టిని వదిలించాలి. తెగినవాటిని పట్టుకారుతో ఏరి పళ్లెంలో పెట్టాలి. ఒక కుండీకి గంటన్నర పడుతుంది. నేను ఒకసారి నాలుగు నిమిషాల్లో కడిగి చూపించాను. సగం వేళ్లు కాలవలో కొట్టుకుపోయాయి. మిగిలిన సగాన్ని పెద్దమ్మ నా చొక్కా మీంచి ఏరింది.

ఆ జల్లెడ వల్లే ఆమెకు జల్లెడమ్మ అని పేరొచ్చింది. డైరెక్టరు నుంచి తోటమాలి దాకా అందరూ అలాగే అంటారు. మొదట్లో కలుపు తీసే కూలీగా చేరిందట. ఒకరోజు వేళ్లు కడిగే మనిషి రాకపోతే, ఈ ఒక్కపూటకి చూడమన్నారు. ఆ పూట ఇప్పటికీ అవలేదు. ఇంట్లో కూడా ఆమె ఏది కడిగినా అలాగే కడుగుతుంది. అమ్మ పోయాక తొమ్మిదేళ్లవాడిగా నేను వాళ్లింటికి వచ్చిన రోజున నా తల కూడా గంటన్నర కడిగింది. ఆ ఇంట్లో నా కథలన్నీ చివరిదాకా వినే మనిషి పెదనాన్న ఒక్కడే. ఆయనకు రెండు చెవులూ వినపడవు.

ఇక నా సంగతి. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు మానేశాను. ఎందుకు మానేశానో ఇప్పటికి పదకొండు రకాలుగా చెప్పాను. ఒక రకంలో ప్రిన్సిపాల్ నా చేతులు పట్టుకుని, నువ్వు వెళ్లిపోతే ఈ కాలేజీ ఏమవుతుంది బాబూ అని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అసలు సంగతేమిటంటే రసాయనశాస్త్రం మూడుసార్లు తప్పాను. ఆ తరవాత ఎనిమిదేళ్లు ఎక్కడా కుదురుగా పనిచేయని నన్ను పెద్దమ్మే తన హామీ మీద కేంద్రంలో పెట్టించింది. అక్కడ నా పని కార్బన్ డయాక్సైడు సిలిండర్లు మార్చడం. రసాయనశాస్త్రం పగబట్టి నా కోసం అక్కడ కాచుకుని కూర్చుందన్నమాట.

నన్నందరూ గ్యాసు అంటారు. ఈ ఉద్యోగం వల్ల వచ్చిన పేరని కొత్తవాళ్లు అనుకుంటారు. పేరు ఉద్యోగం కన్నా పదేళ్లు పెద్దది. నేను నోరు తెరిస్తే గ్యాసు కొడతానని మా వీధి మొత్తానికి తెలుసు.

కేంద్రంలో రెండు అద్దాల గదులున్నాయి. మొదటిదాంట్లో మామూలు గాలి. రెండోదాంట్లో, ఇంకో యాభై అరవై ఏళ్లకు బయట గాలి ఎలా మారుతుందని లెక్కలు వేశారో అంత కార్బన్ డయాక్సైడు ఇప్పుడే నింపి ఉంచుతారు. సిలిండరు మార్చడం, మీటరు చూడడం, పుస్తకంలో రాయడం నా పని. టీకొట్టు దగ్గర మాత్రం ఇలా చెప్పేవాణ్ని. "నేను రోజూ పొద్దున్నే అరవై ఏళ్లు ముందుకెళ్లి, మధ్యాహ్నం భోజనానికి వెనక్కొస్తాను."

"అక్కడ టీ ఎలా ఉంటుంది గ్యాసూ?" అని అడిగేవాడు టీకొట్టతను.

"నీ కొట్టు అక్కడ లేదు," అనేవాణ్ని.

రెండో గదిలో, డాక్టరేటు కోసం పరిశోధన చేసే అమ్మాయి ఒకతె గోధుమ పెంచుతోంది. నలభై కుండీలు. ఇరవైకి ఎరువు కలిపిన నీళ్లతో పూర్తి తిండి. వాటిలో గుచ్చిన పేరుపుల్లలకు ఆకుపచ్చ దారం కట్టింది. మిగతా ఇరవైకీ ఎర్ర దారం. నత్రజని, భాస్వరం చాలీచాలకుండా ఇచ్చి ఆకలితో ఉంచినవి. వాటిని మేం పస్తు కుండీలు అంటాం. నలభైకీ రోజూ నీళ్లు పోసేది, కోత కోశాక వేళ్లు కడిగేది పెద్దమ్మే. గాలి మారిపోయిన రోజుల్లో తిండి చాలని మొక్క ఎలా నెట్టుకొస్తుందో కనిపెట్టాలని ఆ అమ్మాయి మూడేళ్లుగా కష్టపడుతోంది. అది ఆఖరి పంట.

"గాలిలో గ్యాసు దండిగా ఉంది కదా, ఇవి ఇంకా ఏపుగా పెరగాలి కదమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"పెరుగుతాయి గ్యాసన్నయ్యా. ఆ గ్యాసుతో ఆకులు పిండిపదార్థం గబగబా చేసేసుకుంటాయి. కానీ మట్టిలో నత్రజని అంతే ఉంటుంది. ఒళ్లు పెరిగినకొద్దీ లోపల సత్తువ పలచబడిపోతుంది. గింజ చూడ్డానికి బాగానే ఉంటుంది, మాంసకృత్తులు తక్కువ. పస్తువాటికైతే ఆ పెరగడం కూడా అంతంతమాత్రమే. గాలి ఎంతున్నా తిండి లేనిదే ఏం చేసుకుంటాయి?"

నేను తొంభై రెండు కిలోలుంటాను. గ్యాసు మీద పెరిగినవాణ్ని. ఆ అమ్మాయి నా జీవితం మొత్తాన్ని ఇంత తక్కువ మాటల్లో చెబుతుందని అనుకోలేదు. పెద్దమ్మ తలొంచుకుని నీళ్లు పోస్తూ ముసిముసిగా నవ్వుకుంది.

ఒక పస్తు మొక్కకు కింది ఆకు పండిపోయి ఉంది. "తెగులు పట్టిందా?" అన్నాను.

"తెగులేం లేదు. పాతాకు తన దగ్గరున్నదంతా పైన కొత్తాకుకి పంపేస్తోంది. దానికి అదే దారి," అంది పెద్దమ్మ. తరవాత నా పొట్ట వైపు చూసి, "కొత్తాకు మాత్రం బాగానే ఉంటుందిలే," అంది.

నేను గదిలో పనికి చేరిన రోజున ఆమె నాకు చెప్పింది ఒక్కటే మాట. "ఒరేయ్, పస్తు కుండీల దగ్గర వేళ్లు జాగ్రత్త. కదపకు."

నా చేతివేళ్ల మీద ఈమెకెంత ప్రేమ అనుకున్నాను.

గొడవ టీకొట్టు దగ్గర మొదలైంది. మొక్కలకు నా చెయ్యి తెలుసని, నేను పలకరిస్తే పస్తు మొక్క కూడా పచ్చబడుతుందని ఒకరోజు అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. టీ బాగుంది, నలుగురు వింటున్నారు, అంతే.

"అయితే ఫోటో తీసుకొచ్చి చూపించు," అన్నాడు టీకొట్టతను. "నెలరోజులు టైమిస్తున్నా. చూపించలేకపోతే ఇకనుంచి ఇక్కడ నోరు మూసుకుని టీ తాగాలి."

నాకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. మర్నాటినుంచి పస్తు కుండీలను పలకరించడం మొదలుపెట్టాను. యోగక్షేమాలు అడిగాను. నా కథలు చెప్పాను. పన్నెండు రోజులు చెప్పాను. ఇంకో రెండు ఆకులు పండిపోయాయి.

పదమూడో రోజున సామాన్ల గదిలోంచి మిశ్రమ ఎరువు గుళికలు గుప్పెడు జేబులో వేసుకొచ్చాను. తలుపు పక్కన వరసలో ఉన్న ఎనిమిది పస్తు కుండీల్లో, ఒక్కోదాంట్లో బొటనవేలితో చిన్న గుంట చేసి, నాలుగేసి గుళికలు వేసి మట్టి కప్పేశాను. జాలితో చేశానని రాసుకోవాలని చాలా ఉంది. జాలి ఎనిమిది కుండీల దగ్గర ఆగదు కదా. ఫోటోలో పట్టేవి ఎనిమిదే.

పదిరోజుల్లో అవి పచ్చగా తేరుకున్నాయి. ఫోటో చూసి టీకొట్టతను నోరు తెరిచాడు. ఆ రోజు నేను మూడు టీలు తాగి, ప్రపంచంలో వ్యవసాయం ఎలా చేయాలో అందరికీ వివరించాను.

ఇంకో పదిరోజులకు, ఒక శుక్రవారం, కోతకు ముందు అమ్మాయి ఆకుల పచ్చదనం కొలిచింది. క్లిప్పులా ఆకును పట్టుకుని అంకె చూపించే చిన్న పరికరం ఉంటుంది. పన్నెండు పస్తు కుండీలకు పస్తు అంకెలే వచ్చాయి. ఎనిమిదింటికి కడుపునిండిన అంకెలొచ్చాయి. ఆ అమ్మాయి పరికరాన్ని తుడిచి మళ్లీ కొలిచింది. మూడోసారీ అవే అంకెలొస్తే, పెద్దసారుని పిలవడానికి వెళ్లింది.

పెద్దసారు వచ్చాడు. కేంద్రంలో ఈ పరిశోధనలన్నీ చూసేది ఆయనే. చెడ్డమనిషి కాదు. కుండీలు చూశాడు, అంకెలు చూశాడు, ఆఖరికి పెద్దమ్మ కొత్త కళ్లజోడు వైపు చూశాడు. మూడు నెలల క్రితమే ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది.

"అమ్మా, ఎర్ర దారం, ఆకుపచ్చ దారం తేడా తెలుస్తోందా మీకు?" అని మెల్లగా అడిగాడు.

"తెలుస్తోంది బాబూ."

"ఎరువు నీళ్ల క్యాను పొరపాటున వీటికి పోసి ఉంటారు. వయసు వచ్చాక ఎవరికైనా జరుగుతుంది. నేనేం అనట్లేదు. ఈ కోత అయిపోయాక మీరు గేటు దగ్గర కూర్చోండి. వచ్చేపోయేవాళ్ల టైములు రిజిస్టర్లో రాస్తే చాలు. నీడపట్టున ఉంటుంది."

పెద్దమ్మ వాదించలేదు. "ఈ కోత వేళ్లు మాత్రం నేనే కడుగుతాను," అంది. సరేనన్నాడాయన. ఆమె వెళ్లి జల్లెడను బ్రష్షుతో తుడిచి, మేకుకు తగిలించింది. మళ్లీ తీసి మళ్లీ తుడిచింది. నేను సిలిండరు వెనకాల నిలబడి ఉన్నాను. తొంభై రెండు కిలోలు సిలిండరు వెనక దాక్కోవడం కష్టమని ఆ రోజే తెలిసింది.

శనివారం పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్లాను. "సార్, పెద్దమ్మ తప్పేం లేదు. ఆ ఎనిమిది కుండీల్లో ఎరువు వేసింది నేను," అన్నాను.

ఆయన కాగితాల మీంచి తలెత్తాడు. "ఏమయ్యా, పోయిన నెల సిలిండరు పేలబోతుంటే ఒట్టి చేత్తో అదిమిపట్టానన్నావు."

"అన్నాను సార్."

"అంతకుముందు మీటరు చెడిపోతే, వాసన చూసి రీడింగు రాశానన్నావు. ఆ గ్యాసుకి వాసనే లేదు."

"అది తరవాత తెలిసింది సార్."

"ఇప్పుడు ఇది." ఆయన కళ్లజోడు తీసి నా వైపు ఆప్యాయంగా చూశాడు. "పెంచిన తల్లి కోసం తప్పు నెత్తిన వేసుకుంటున్నావు. నీలో ఇంత మంచి మనసుందని తెలీదు. వెళ్లు, వెళ్లి పని చూసుకో."

నా ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి నిజం చెబితే మంచివాడినన్న పేరొచ్చింది. అబద్ధాలతో ఇన్నేళ్లు కష్టపడినా రాలేదు.

టీకొట్టు దగ్గరికి వెళ్లి అక్కడా ఒప్పుకున్నాను. టీకొట్టతను తల అడ్డంగా ఊపాడు. "వినయం కూడా మొదలెట్టావా గ్యాసూ? ఫోటో చూశాం కదా. నీ చేతిలో ఏదో ఉంది, ఒప్పుకున్నాం. ఇంకా ఎందుకు సాగదీస్తావు?"

సాయంత్రం ఇంట్లో పెద్దమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పెదనాన్న పక్కనే కుర్చీలో ఉన్నాడు. నేను నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. పన్నెండు రోజుల పలకరింపులు కూడా వదల్లేదు. అంతా అయ్యాక పెదనాన్న అలవాటుగా, "భలే, భలే," అన్నాడు.

పెద్దమ్మ తువ్వాలు నాలుగు మడతలు పెట్టింది. "సార్‌కి చెప్పావా?"

"నమ్మలేదు."

"ఎలా నమ్ముతాడు? నేనే నమ్మాలా వద్దా అని చూస్తున్నాను." ఇంకో తువ్వాలు తీసింది. "ఒరేయ్, నీ మాట అడ్డం పెట్టుకుని నా తప్పు లేదని చెప్పుకుంటే, ఉన్న పరువు కూడా పోతుంది నాకు. ఊరుకో. సోమవారం వేళ్లు ఏం చెబుతాయో చూద్దాం."

సోమవారం కోత అయింది. పైమొక్కలను అమ్మాయి కోసి కవర్లలో వేసుకుంది. పెద్దమ్మ మొదట మామూలు పస్తు కుండీ ఒకటి తీసుకుంది. నీటిధార కింద మట్టి కరిగిపోతుంటే, జల్లెడ మీద వేళ్లు తెల్లటి దారాల్లా విచ్చుకున్నాయి. వాటిని నల్ల పళ్లెంలో నీళ్లలో పరిచింది. పైమొక్క జానెడు కూడా లేదు. కింద మాత్రం కుండీ అడుగుదాకా దిగి, అక్కడ చోటు చాలక చుట్టలు తిరిగి ఉన్నాయి. ప్రతి వేరుకూ పొగమంచులా సన్నటి నూగు.

"ఇదీ ఆకలి," అంది అమ్మాయితో. "పైన పెరగడం మానేసి ఉన్నదంతా వెతకడానికే పెట్టింది."

తరవాత తలుపు పక్కన కుండీ తీసుకుంది. గంట పైన కడిగాక గొట్టం పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని, వంగి చూసింది.

"సార్‌ని పిలువమ్మా," అంది.

పెద్దసారు వచ్చేసరికి ఆ వేళ్లు కూడా పళ్లెంలో పరిచి ఉన్నాయి. అవీ కింద అడుగుదాకా ఆకలిగా వెతుక్కుంటూ దిగినవే. కానీ పైన ఒక పక్కన, రెండంగుళాల లోతులో, సన్నవేళ్లన్నీ ఒకేచోట గుమిగూడి గుత్తికట్టి ఉన్నాయి. పిచ్చుక గూడులా ఉంది.

"బాబూ, ఎరువు నీళ్లు పోస్తే కుండీ అంతా తడుస్తుంది. వేళ్లు అంతటా సమానంగా ఉండాలి," అంది పెద్దమ్మ. "ఇది నీళ్లలో వచ్చింది కాదు. భాస్వరం వేసిన చోటు నుంచి కదలదు. ఇక్కడ ఎవరో గుళిక పెట్టారు. అన్నాళ్లు ఆకలితో ఉన్న వేళ్లు వాసన పట్టినట్టు అన్నీ ఇక్కడికే వచ్చి పడ్డాయి."

పెద్దసారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ రోజూ మర్నాడూ కలిపి ఎనిమిది కుండీలు కడిగింది. ప్రతి కుండీకీ అమ్మాయి రాసుకుంటూనే ఉంది. ఎనిమిదింటిలోనూ అదే గుత్తి, అదే లోతు. పేరుపుల్ల మనవైపు తిప్పి చూస్తే ఎనిమిదింటిలోనూ ఎడమపక్కనే.

"ఎడమచేతి వాటం ఉన్న మనిషి," అన్నాడు పెద్దసారు. "లోతు చూస్తే... పెన్నుతో పొడిచారా?"

"పెన్నుకి ఇంత వెడల్పు రాదు బాబూ." పెద్దమ్మ తల తిప్పకుండానే పిలిచింది. "ఒరేయ్, ఇలా రా. ఎడమ చెయ్యి."

నేను చెయ్యి చాపాను. ఆమె నా బొటనవేలు పట్టుకుని గుత్తి పక్కన నీళ్లలో పెట్టింది. రెండూ ఒకే పొడవు, ఒకే లావు. కేంద్రంలో ఎడమచేతి వాటం ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. అంత బొటనవేలు ఉన్నవాడు బహుశా ఈ చుట్టుపక్కల లేడు.

"శనివారం చెప్పాను కదా సార్," అన్నాను.

పెద్దసారు గుత్తిని చూశాడు, నన్ను చూశాడు. ఆయన నా మాట అప్పటికీ నమ్మలేదు. వేళ్ల మాట నమ్మాడు. లేచి పెద్దమ్మకు ఎదురుగా నిలబడి, "నేను తొందరపడ్డానమ్మా. క్షమించండి," అన్నాడు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని, "ఇంకా ముప్పై ఒక్కటి కడగాలి బాబూ, ఆ స్టూలు కొంచెం జరుపుకోండి," అంది.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. "పెద్దమ్మా, వేళ్లు జాగ్రత్త అన్నావు. వేళ్లు అంటే బహువచనం. నేను పెట్టింది ఒకటే వేలు," అన్నాను.

"నేను చెప్పింది వేరు గురించి రా."

"వేరు అని చెప్పొచ్చు కదా."

"ఒక్కటే వేరుంటే అలాగే చెప్పేదాన్ని," అంది.

పెద్దసారు నవ్వు ఆపుకున్నాడు. పరిశోధన అమ్మాయి నవ్వలేదు. పెన్ను మూత పెట్టి, "గ్యాసన్నయ్యా, మూడేళ్లు," అంది. అంతే అంది. ఎక్కడికైనా సరిపోయే కథ ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆ మాటకు మాత్రం దొరకలేదు. తలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చి, తప్పయిపోయిందమ్మా అని మాత్రం చెప్పాను. ఆమె తలాడించింది. నమ్మిందో లేదో అడగలేదు.

ఎనిమిది కుండీలు తీసేసినా పన్నెండు మిగిలాయి. అవి చాలునని ఆమె లెక్కలు తేల్చాయి. నెల తరవాత తన పరిశోధన గ్రంథంలో ఒక పేజీ నాకు చూపించింది. "పస్తు కుండీల్లో ఎనిమిదింటిని లెక్కలోంచి తొలగించడమైనది. కారణం: బొటనవేలు" అని ఉంది. పెద్దసారు కొట్టేయమన్నాడట. ఆమె ఉంచింది. డిగ్రీ పూర్తిచేయని నా శరీరంలో ఒక భాగం అలా పరిశోధన గ్రంథంలోకి ఎక్కింది. టీకొట్టు దగ్గర ఈ సంగతి చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు.

జల్లెడ పెద్దమ్మ దగ్గరే ఉంది. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది కదా, అందులో నన్ను కూర్చోబెట్టారు. నీడపట్టున ఉంటుంది, సారు చెప్పింది నిజమే. సాయంత్రం ఐదున్నరకు పెద్దమ్మ పని ముగించుకుని, వేళ్లకొసలు నానిపోయి ముడతలు పడిన చేతుల్తో గేటు దగ్గరికి వస్తుంది. రిజిస్టరు తిప్పి, కళ్లజోడు మీదికి జరుపుకుని, ఆ రోజు పేజీ మొత్తం వేళ్లు చూసినట్టే చూస్తుంది.

"ఇవాళ ఇందులో ఎన్ని అబద్ధాలు రాశావు?" అని అడిగింది నిన్న.

"టైములే రాశాను పెద్దమ్మా. టైముల్లో అబద్ధం ఏముంటుంది?"

"గోడగడియారం ఐదు నిమిషాలు ముందుంది."

"చూశాను. ఐదు తీసేసి రాస్తున్నాను."

ఆమె తన చేతిగడియారం చూసుకుంది, మళ్లీ పేజీ చూసింది. ఆఖరి వరసలో, తను బయటికెళ్లే టైము దగ్గర వేలు ఆపి, సంతకం పెట్టింది.

"లే, ఇంటికి పోదాం," అంది.